భూమి కంపించిన ప్రతిసారీ అంతం వచ్చినట్టేనా?

వ్యాఖ్యాత: అందరికీ వందనాలు. ఎక్కడో పెద్ద భూకంపం వస్తుంది. శిథిలాల కింద చిక్కుకున్నవాళ్లను ఇంకా బయటికి తీయకముందే మన ఫోన్లకు సందేశాలు మొదలవుతాయి. "మత్తయి 24 నెరవేరుతోంది, ప్రభువు రాకడ దగ్గరపడింది" అని కొన్ని. "అక్కడివాళ్ల పాపం పండింది" అని మరికొన్ని. ఈ రెండు మాటలూ బైబిలు చెబుతున్నవేనా? చాలా ఏళ్లుగా వాక్యం బోధిస్తున్న పాస్టరు గారు ఈరోజు మనతో ఉన్నారు. అయ్యగారూ, సూటిగానే అడుగుతాను. భూకంపం అంత్యదినాల సూచనా, కాదా?

పాస్టరు: వందనాలమ్మా. సూచనే. అయితే దాన్ని ఎలా తీసుకోవాలో కూడా యేసు ప్రభువే చెప్పారు. మత్తయి 24లో చూడండి, ఒలీవల కొండ మీద శిష్యులు "ఇవి ఎప్పుడు జరుగుతాయి" అని అడిగినప్పుడు ఆయన నోట వచ్చిన మొదటి మాట భూకంపం కాదు. "ఎవడును మిమ్మును మోసపరచకుండ చూచుకొనుడి" అన్నారు. ఆ తర్వాత యుద్ధాల గురించి చెబుతూ "మీరు కలవరపడకుండ చూచుకొనుడి, అంతము వెంటనే రాదు" అన్నారు. కరవులు, భూకంపాలు ఆ తర్వాత వచ్చాయి. వాటిని కూడా "ఇవన్నియు వేదనలకు ప్రారంభము" అనే అన్నారు. మోసపోవద్దు, కంగారుపడవద్దు అని రెండు హెచ్చరికలు చేశాకే భూకంపం మాట ఎత్తారన్నమాట. మనకు వచ్చే సందేశాల్లో ఆ రెండు హెచ్చరికలూ ఉండవు, భూకంపాల మాట ఉన్న ఏడో వచనం ఒక్కటే ఉంటుంది. నా బాధ అదే.

వ్యాఖ్యాత: అవి ప్రసవ వేదనలు కదా, నొప్పులు మొదలయ్యాక ఒకదాని వెంట ఒకటి, మరింత తీవ్రంగా వస్తాయి. భూకంపాలు కూడా అలాగే పెరుగుతున్నాయని చాలామంది బోధకులు అంటారు.

పాస్టరు: అంటారు. వాళ్లలో నేను గౌరవించేవాళ్లూ ఉన్నారు. కానీ పెరుగుతున్నాయి అన్నది లెక్క మాట, కాబట్టి లెక్క చూడాలి. అమెరికా భూవిజ్ఞాన సర్వే సంస్థ సుమారు 1900 నుంచి ఉన్న రికార్డులను పరిశీలించింది. తీవ్రత 7, అంతకు మించిన భూకంపాలు సగటున ఏడాదికి 16 వస్తాయని తేల్చింది. ఒక ఏడాది ఎక్కువ ఉంటాయి, ఒక ఏడాది తక్కువ ఉంటాయి. శతాబ్దం పొడవునా చూస్తే ఏటేటా ఎక్కువవుతున్న దాఖలా లేదు. నిజంగా పెరిగింది వాటిని నమోదు చేసే కేంద్రాలు. 1931లో ప్రపంచం మొత్తం మీద అవి 350 దాకా ఉండేవి, ఇప్పుడు వేలల్లో ఉన్నాయి. ఒకప్పుడు ఎవరికీ తెలియకుండా పోయిన ప్రకంపన ఇప్పుడు నిమిషాల్లో మన చేతిలోని ఫోనులో కనిపిస్తోంది.

వడగాలులు, అతి భారీ వర్షాల సంగతి వేరమ్మా. అవి పెరుగుతున్నాయి. అందులో మనుషులం కాల్చే బొగ్గుకు, చమురుకు పాత్ర ఉంది. దానికి మనమే జవాబు చెప్పుకోవాలి. దాన్ని తీసుకెళ్లి ప్రవచనం ఖాతాలో వేసి మనం తప్పుకోవడం నాకు సమ్మతం కాదు.

వ్యాఖ్యాత: మరి తొలి తరం విశ్వాసులు వీటిని ఎలా అర్థం చేసుకుని ఉంటారు?

పాస్టరు: వాళ్లకు భూకంపం దూరపు వార్త కాదు. ప్రకటన గ్రంథంలో ఏడు సంఘాలకు ఉత్తరాలు ఉన్నాయి కదా, ఆ పట్టణాలు ఇప్పటి టర్కీ పశ్చిమ భాగంలో ఉండేవి. క్రీ.శ. 17లో ఒక రాత్రి వచ్చిన భూకంపానికి ఆ ప్రాంతంలో పన్నెండు పట్టణాలు కూలిపోయాయి. అన్నిటికంటే ఎక్కువ దెబ్బ సార్దీస్‌కు తగిలింది. ఫిలదెల్ఫియ కూడా ఆ పన్నెండింటిలో ఉంది. తిబెరి చక్రవర్తి వాటికి పన్నులు మాఫీ చేశాడని రోమా చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఇక ఫిలదెల్ఫియ గురించి ఆ కాలంలోనే స్ట్రాబో అనే భూగోళ పండితుడు ఏం రాశాడంటే, ఆ ఊరి గోడలు ఎప్పుడూ బీటలు వారుతూనే ఉంటాయట. అందుకే జనంలో ఎక్కువమంది పట్టణం వదిలి పొలాల దగ్గరే కాపురం ఉంటున్నారట. ఇప్పుడు ఆ సంఘానికి ప్రభువు రాయించిన వాగ్దానం వినండి: "జయించు వానిని నా దేవుని ఆలయములో ఒక స్తంభముగా చేసెదను, అందులోనుండి వాడు ఇకమీదట ఎన్నటికిని వెలుపలికి పోడు."

వ్యాఖ్యాత: ప్రాణం అరచేతిలో పెట్టుకుని ఇంట్లోంచి బయటికి పరుగెత్తడం అలవాటైన ఊరికి ఆ మాట!

పాస్టరు: అవునమ్మా. స్తంభాలు కూలడం ఆ ఊరి పెద్దలకు తెలుసు. తరవాత క్రీ.శ. 60లో లవొదికయ కూలింది. రోము నుంచి సాయం తీసుకోకుండా తన సొంత ధనంతోనే మళ్లీ కట్టుకుంది. "నేను ధనవంతుడను, నాకేమియు కొదువలేదు" అని చెప్పుకొంటున్నావని ప్రభువు ఆ సంఘాన్ని గద్దించినప్పుడు ఆ ఊరివాళ్లకు ఎక్కడ తగిలి ఉంటుందో ఊహించవచ్చు. అలాంటి మనుషులు ఆ గ్రంథాన్ని తేదీల పట్టికలా చదివి ఉంటారని నేను అనుకోను. నేల కదులుతున్న చోట నిలబడి, కదలనివాడు ఒకడు ఉన్నాడని విన్నారు వాళ్లు.

వ్యాఖ్యాత: అంత్యదినాల గురించి సంఘాల మధ్య బోధలో తేడాలున్నాయి. విశ్వాసులు ప్రభువు దగ్గరికి ఎత్తబడటం, ఏడేళ్ల శ్రమలు, వెయ్యేళ్ల పాలన... వినేవాళ్లు తికమకపడతారు.

పాస్టరు: ఆ వివరాల్లోకి వెళ్తే ఈరోజు బయటికి రాలేం, కాబట్టి టూకీగా చెబుతాను. ప్రకటన గ్రంథంలోని ముద్రలు, బూరలు, పాత్రలు ఇవన్నీ ముందుముందు జరగాల్సినవని, సంఘం ఎత్తబడ్డాక ఏడేళ్ల శ్రమకాలం ఉంటుందని చెప్పే బోధ 19వ శతాబ్దంలో జాన్ నెల్సన్ డార్బీ అనే బోధకుడి వల్ల, ఆపైన 1909లో వచ్చిన స్కోఫీల్డ్ వ్యాఖ్యాన బైబిలు వల్ల బాగా వ్యాపించింది. మత్తయి 24లో ఎక్కువ భాగం క్రీ.శ. 70లో యెరూషలేము దేవాలయం నాశనమైనప్పుడే నెరవేరిందని ఇంకొందరు నమ్ముతారు. ఆ వెయ్యేళ్లు అంటే సంఘం భూమి మీద ఉన్న ఈ కాలమంతా అని తొలి శతాబ్దాల సంఘ పండితుడు అగస్టీను నాటి నుంచి చాలామంది బోధిస్తూ వచ్చారు. వీళ్లలో ఎవరి బోధ పట్టుకున్నా "ఫలానా రోజున" అని చెప్పే అధికారం మాత్రం ఎవరికీ రాదు. ఆ దినం, ఆ గడియ తండ్రికే తెలుసని అదే అధ్యాయం 36వ వచనంలో ఉంది.

వ్యాఖ్యాత: అయినా చెప్పారు కదా.

పాస్టరు: చెప్పారు. విలియం మిల్లర్ అనే అమెరికా బోధకుడి అనుచరులు 1844 అక్టోబరు 22 అన్నారు. ఆ ఏడాది పంట కోయకుండా పొలాల్లోనే వదిలేసినవాళ్లున్నారు. మన కాలంలో హెరాల్డ్ క్యాంపింగ్ అనే రేడియో బోధకుడు 2011 మే 21న దేశం తరవాత దేశం భూకంపాలతో అదురుతుందని ప్రకటించాడు. దాన్ని ప్రచారం చేయడానికి కష్టపడి దాచుకున్న సొమ్ము ఖర్చుపెట్టినవాళ్లున్నారు. మరుసటి ఏడాది ఆయన అది పాపమని ఒప్పుకున్నాడు. ఆ సొమ్ము ఎవరు తిరిగి ఇస్తారు? విశ్వాసం పోగొట్టుకున్నవాళ్లకు ఎవరు జవాబు చెబుతారు? కోపం వస్తుందమ్మా నాకు.

వ్యాఖ్యాత: ఇక రెండో రకం సందేశం. "వాళ్ల పాపం పండింది" అనేది.

పాస్టరు: ఇది మొదటిదానికంటే క్రూరమైనది. యేసు ప్రభువే ఈ ప్రశ్నను నేరుగా ఎత్తారు, లూకా 13లో ఉంది. సిలోయములో గోపురం పడి పద్దెనిమిదిమంది చనిపోయారు. వాళ్లు యెరూషలేములో కాపురమున్న అందరికంటే అపరాధులని అనుకుంటున్నారా అని ఆయనే అడిగి, "కారని మీతో చెప్పుచున్నాను" అన్నారు. అంతటితో వదల్లేదు. "మీరు మారుమనస్సు పొందనియెడల మీరందరును ఆలాగే నశింతురు" అన్నారు. చనిపోయినవాళ్ల వైపు చూపిస్తున్న వేలిని పట్టుకుని బతికి ఉన్నవాళ్ల వైపు తిప్పారు.

వ్యాఖ్యాత: కానీ అయ్యగారూ, నోవహు జలప్రళయం, సొదొమ గొమొఱ్ఱా, ఆమోసు ప్రవచనంలో కరవు... దేవుడు తీర్పు తీర్చాడని బైబిలే చెబుతోంది. దాన్ని కాదనలేం కదా.

పాస్టరు: కాదనను. దేవుడు న్యాయాధిపతి అని నేను మనసారా నమ్ముతాను. అయితే అక్కడ ఇది నా తీర్పు అని దేవుడే చెప్పాడు. నోవహుకు ముందే చెప్పాడు, అబ్రాహాముకు ముందే చెప్పాడు. అన్నీ పోగొట్టుకున్న యోబును చూసి, నీ పాపమే కారణమని అంటగట్టింది అతని స్నేహితులు. వాళ్ల మీద నా కోపం మండుతోందని, వాళ్లు నన్ను గురించి యుక్తమైనది పలకలేదని దేవుడు అన్నాడు. వాళ్లు దేవుని పక్షాన వాదిస్తున్నామనుకున్నవాళ్లే!

1755 నవంబరు 1 చూడండి. సకల పరిశుద్ధుల పండుగ, ఉదయం ఆరాధన వేళ. పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో చర్చిలన్నీ నిండి ఉన్నాయి. పండుగ కాబట్టి కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. భూమి కంపించి కప్పులు ఆరాధిస్తున్నవాళ్ల మీదే పడ్డాయి, తరవాత నిప్పంటుకుంది, సముద్రం ఊళ్లోకి వచ్చింది. పదుల వేలమంది పోయారు. గాబ్రియేల్ మలగ్రిడా అనే యాజకుడు ఇది ప్రకృతి వల్ల జరిగింది కాదు, మీ పాపాల వల్లే అని మర్నాటి ఏడాది పుస్తకమే వేశాడు. అదే సమయంలో ప్రభుత్వం దేశంలోని ఊరూరి చర్చి గురువులకు ఒక ప్రశ్నావళి పంపింది. కంపం ఎంతసేపు ఉంది? సముద్రం ముందు పెరిగిందా, తగ్గిందా? ఎంతమంది చనిపోయారు? ఆ గురువులు ఓపికగా చూసింది చూసినట్టు రాసి పంపారు. భూకంప శాస్త్రానికి తొలి ఆధారాల్లో ఆ జవాబులు ఉన్నాయి. ఆ ఇద్దరిలో దేవుణ్ణి ఎవరు ఘనపరిచారని అడిగితే నేను ఆ జవాబులు రాసిన గురువుల పేరే చెబుతాను.

వ్యాఖ్యాత: ఆ మలగ్రిడా మాటలే ఈనాటికీ వింటున్నాం.

పాస్టరు: వింటున్నాం. 2010 జనవరిలో హైతీలో 7.0 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఆ మర్నాడే ఒక ప్రసిద్ధ టీవీ ప్రసంగీకుడు ఆ దేశం సాతానుతో ఒప్పందం చేసుకుందని అన్నారు. అక్కడ అత్యధికులు క్రైస్తవులు! మరుసటి నెలలో చిలీలో 8.8 వచ్చింది. శక్తిలో దాదాపు ఐదు వందల రెట్లు పెద్దది. చిలీలో ఐదు వందలకు పైగా చనిపోయారు. హైతీలో మృతులు లక్ష దాటారు. హైతీ భూకంపం రాజధానికి బాగా దగ్గరగా వచ్చింది, అది ఒక కారణం. కానీ చిలీలో భూకంపాలను తట్టుకునేలా ఇళ్లు కట్టాలనే నిబంధనలు ఉన్నాయి, వాటిని అమలు చేశారు. హైతీలో పేదరికం వల్ల సరైన ఇనుము, సరైన సిమెంటు లేకుండా కట్టిన కప్పులు మనుషుల మీద పడ్డాయి. ఇందులో పాపం లేదని అనను. పేదవాడి ఇంటి పునాదిని ఎవరూ పట్టించుకోకపోవడం పాపమే. కొత్త ఇల్లు కట్టినప్పుడు ఎవరూ పడిపోకుండా పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టించాలని ద్వితీయోపదేశకాండము 22లో దేవుడు ఆజ్ఞాపించాడు. కట్టకపోతే హత్యదోషం ఇంటిమీదికి వస్తుందన్నాడు. దేవుడు పిట్టగోడ దాకా ఆలోచించాడు!

ఇంకొకటి చెప్పాలి. ఈ నింద మొదట మన మీదే పడింది. టైబరు నది పొంగినా, నైలు నది పొలాలకు పారకపోయినా, భూమి కంపించినా, కరవు వచ్చినా, తెగులు వచ్చినా "క్రైస్తవులను సింహానికి వేయండి" అని అరుస్తారని తెర్తుల్లియన్ అనే తొలినాటి క్రైస్తవ రచయిత క్రీ.శ. 197 ప్రాంతంలో రాశాడు. ఆ నింద మోసిన సంఘం అదే నిందను ఇంకొకరి నెత్తిన ఎలా వేస్తుంది?

వ్యాఖ్యాత: మరి సూచనలు చూసి మనం చేయాల్సింది ఏమిటి? మెలకువగా ఉండమన్నారు కదా.

పాస్టరు: అదే ప్రసంగాన్ని చివరిదాకా చదవాలి. 24వ అధ్యాయం దగ్గర ఆపేస్తాం మనం. ఆ అధ్యాయం చివర్లోనే, యజమానుడు వచ్చేసరికి ఇంటివారికి తగిన వేళ అన్నం పెడుతూ కనిపించే దాసుడు ధన్యుడని ఉంది. 25వ అధ్యాయంలో "నేను ఆకలిగొంటిని, మీరు నాకు భోజనమిచ్చితిరి" అని ఉంది. ఒకే కొండ మీద, ఒకే ప్రసంగంలో "కరవులు కలుగును" అని చెప్పిన ప్రభువే ఆ ఆకలిగొన్నవాడిని నేనే అంటున్నారు. మెలకువగా ఉండటం అంటే ఆయన ఉద్దేశం అది.

అపొస్తలుల కార్యములు 11లో అంతియొకయ సంఘం దీన్ని అక్షరాలా చేసింది. గొప్ప కరవు రాబోతోందని అగబు ప్రవచించాడు. యేసు చెప్పిన సూచన అది. రాకడ ఎప్పుడని వాళ్లు లెక్కలు వేసినట్టు లూకా రాయలేదు. ప్రతివాడూ తన తన శక్తికొలది యూదయలోని సహోదరులకు సాయం పంపాలని నిశ్చయించుకున్నారు, బర్నబా, సౌలుల చేతికిచ్చి పంపారు. ప్రవచనం విన్న వెంటనే చందా పోగుచేశారు.

వ్యాఖ్యాత: చివరగా ఒకటి. అలాంటి విపత్తులో బిడ్డను పోగొట్టుకున్న తల్లి "ఎందుకు" అని అడిగితే?

పాస్టరు: నాకు తెలియదనే చెబుతాను. యోబు స్నేహితులు చేసిన మంచి పని ఒకటుంది. మొదటి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో పాటు నేల మీద కూర్చున్నారు, ఒక్క మాటైనా మాట్లాడలేదు. ఆ ఏడు రోజులను మనం నేర్చుకోవాలి. సృష్టి అంతా మూలుగుతోందని, మనమూ మనలో మూలుగుతున్నామని రోమా 8లో పౌలు రాశాడు. కాబట్టి ఏడ్చే తల్లి పక్కన ఏడవడం అవిశ్వాసం కాదు. ఆమె అడిగిన రోజున, ఆమె అడిగినంత మేరకు, కొత్త ఆకాశం, కొత్త భూమి గురించి చెబుతాను. ఆయన ప్రతి బాష్పబిందువునూ తుడుస్తాడని నేను నమ్ముతున్నాను.

వ్యాఖ్యాత: ఈ వారం మళ్లీ అలాంటి సందేశం మన సంఘం గ్రూపులోకి వస్తే ఏం చేయమంటారు?

పాస్టరు: దాన్ని ఇంకొకరికి పంపవద్దు. ఆ ప్రాంతంలో పనిచేస్తున్న సహాయ సంస్థ ఏదో, దానికి ఏం కావాలో కనుక్కుని ఆ వివరం గ్రూపులో పెట్టండి. ఆదివారం కానుక ఎత్తండి. ఎంత వచ్చింది, ఎవరికి పంపాం అన్నది తరువాతి ఆదివారం అందరి ముందూ రసీదుతో చదవండి. యెరూషలేము పేదల కోసం పోగైన కానుకను పౌలు ఒంటరిగా మోయలేదు. ఎవరూ తప్పుపట్టకుండా, మనుష్యుల దృష్టికి కూడా యోగ్యంగా ఉండాలని సహోదరులను తోడు పెట్టుకున్నాడు.

వ్యాఖ్యాత: అది ఎక్కడ ఉంది అయ్యగారూ? శ్రోతలు చూసుకుంటారు.

పాస్టరు: 2 కొరింథీయులకు, 8వ అధ్యాయం, 20, 21 వచనాలు.