సాంటోరినీయే ఎందుకండీ? ఐరోపా దీవుల మీద శనివారం ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. ఈ శనివారం మన ఫోన్-ఇన్ ఐరోపా దీవుల గురించి. అమ్మాయినో అబ్బాయినో చూడ్డానికి వెళ్తూ పనిలో పనిగా ఒక దీవి చూసొద్దామనుకునేవాళ్లు, వేసవి సెలవులకి పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు, కొత్తగా పెళ్లైనవాళ్లు... అప్పుడే లైన్లన్నీ బిజీ. ఇరవై ఏళ్లుగా ఇలాంటి ప్రయాణాలు ప్లాన్ చేసి పెడుతున్న ట్రావెల్ ప్లానర్ గారు మనతో స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ విజయవాడ నుంచి. చెప్పండి సార్.

కాలర్ (విజయవాడ): నమస్కారం అమ్మా. నేను బ్యాంకులో చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి జర్మనీలో, మ్యూనిక్‌లో ఉంటుంది. మే చివర్లో వెళ్లి నెలన్నర ఉంటాం. అందులో ఓ వారం గ్రీసులో సాంటోరినీ దీవికి వెళ్దామని.

అతిథి: సాంటోరినీయే ఎందుకండీ?

కాలర్ (విజయవాడ): అదేం ప్రశ్నండీ! తెల్ల ఇళ్లు, నీలం గుమ్మటాలు... మా హాల్లో క్యాలెండర్ మీద ఉన్నది కూడా అదే.

అతిథి: ఎవరెవరు వెళ్తున్నారు?

కాలర్ (విజయవాడ): నేనూ, మా ఆవిడా. అమ్మాయికి సెలవు దొరికితే అదీ వస్తుంది.

అతిథి: మోకాళ్లు ఎలా ఉన్నాయి?

కాలర్ (విజయవాడ): నాకేం ఫర్లేదు. ఆవిడకే కాస్త... ఉండండి, ఫోన్ లాక్కుంటోంది.

కాలర్ భార్య: బాబూ, నమస్కారం. రెండు మోకాళ్లూ అరిగిపోయాయన్నారు డాక్టరు గారు. ఒకప్పుడు అలిపిరి నుంచి నడిచి కొండెక్కినదాన్నే. ఇప్పుడు మా ఇంటి మేడ మెట్లకే చుక్కలు కనిపిస్తున్నాయి.

అతిథి: అయితే మీరు ఫోన్ తీసుకోవడమే మంచిదైందమ్మా. ఆ క్యాలెండర్ ఫొటోలో కనిపించని సంగతి ఒకటుంది. సాంటోరినీ అంటే పేలిపోయిన అగ్నిపర్వతం అంచు. సుమారు 3,600 ఏళ్ల కిందట బద్దలై మధ్యభాగం సముద్రంలోకి కూలిపోయింది. మిగిలిన నిలువు గోడ మీదే ఆ ఊళ్లు. ఇళ్లు ఆ గోడలోకి తొలిచి కట్టారు, అంటే ఒకరి కప్పు ఇంకొకరి వాకిలి. హోటల్ గదిలోంచి టిఫిన్‌కి రావాలన్నా మెట్లే. పాత రేవు నుంచి ఫీరా ఊరికి 580కి పైగా మెట్లుంటాయి. దానికి కేబుల్ కారు ఉందనుకోండి. కానీ మీ గదికి కేబుల్ కారు వెయ్యరు కదా.

కాలర్ భార్య: చూశారా, నేను చెప్తూనే ఉన్నాను ఈయనకి! కానీ బాబూ, ఆ గుమ్మటాల దగ్గర ఒక్క ఫొటో మాత్రం కావాలి. అది అయ్యాక ఎక్కడికి తీసుకెళ్లినా సరే.

అతిథి: ఒక్క ఫొటోయే అయితే దారుంది. సాంటోరినీలో రెండు రాత్రులే ఉండండి, అదీ కొండ అంచున కాదు. తూర్పు పక్కన కమారి అని ఊరుంది. చదునైన నేల, నల్ల ఇసుక బీచ్, ఎయిర్‌పోర్టు కూడా దగ్గరే. అక్కణ్ణుంచి పొద్దున్నే టాక్సీలో ఆ గుమ్మటాలున్న ఇయా వెళ్లండి. ఆ ఊళ్లో పెద్ద వీధి పాలరాయి పరిచినది, నిదానంగా నడవచ్చు. ఎనిమిది లోపు వెళ్తే ఫొటో మీది. సాయంత్రం సూర్యాస్తమయానికి మాత్రం వెళ్లకండి. పుష్కరాల రోజు ఘాటు దగ్గర ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

కాలర్ (విజయవాడ): మరి మిగతా రోజులు?

అతిథి: క్రీట్. సీజన్లో సాంటోరినీ నుంచి ఫాస్ట్ ఫెర్రీ ఉంటుంది, రెండు గంటల ప్రయాణం. గ్రీసులో అన్నిటికంటే పెద్ద దీవి అదే, ఈ చివర నుంచి ఆ చివరికి 260 కిలోమీటర్లు. అక్కడ హాన్యా అనే ఊళ్లో బస చెయ్యండి. వెనిస్ వాళ్లు కట్టిన పాత రేవు, చుట్టూ చదునైన దారి. సాయంత్రం అలా కూర్చుంటే చాలు, ఇంకేం చెయ్యక్కర్లేదు. సార్‌కి చరిత్ర ఇష్టమైతే అదే దీవిలో హిరాక్లియో అనే ఊరి పక్కనే క్నోసోస్ ఉంది. క్రీట్‌లో ప్రాచీన కాలంలో ఉన్న మినోవన్ల రాజభవనం, 1900లో ఆర్థర్ ఎవాన్స్ అనే బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త తవ్వడం మొదలుపెట్టాడు. ఎర్ర స్తంభాలన్నీ ఆయన సిమెంటుతో నిలబెట్టించినవే. అది సబబా కాదా అని పండితులు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. తిరిగి మ్యూనిక్‌కి వేసవిలో క్రీట్ నుంచే నేరుగా విమానాలుంటాయి.

కాలర్ (విజయవాడ): వీసా గ్రీసుకి పెట్టాలా, జర్మనీకా?

అతిథి: ఎక్కువ రోజులు ఎక్కడుంటే అక్కడికే. మీకు జర్మనీ. షెంజెన్ వీసా అంటే ఐరోపాలో చాలా దేశాలకి కలిపి ఒకటే వీసా, దాని మీదే గ్రీసు వెళ్లొచ్చు. అప్లికేషన్లో గ్రీసు సంగతి కూడా రాయండి, దాచాల్సిన పనేం లేదు. 180 రోజుల్లో 90 రోజులకి మించి ఉండకూడదని లెక్క, మీది నెలన్నరే కాబట్టి టెన్షన్ లేదు. ఫీజు మనిషికి 90 యూరోలు. ఇన్సూరెన్స్ 30 వేల యూరోలకి తగ్గకూడదు. ప్రయాణానికి ఆర్నెల్ల ముందు నుంచే పెట్టుకోవచ్చు. 15 రోజుల ముందు వరకూ తీసుకుంటారు గానీ, అంతదాకా ఆగితే అపాయింట్‌మెంట్ దొరకదు.

కాలర్ భార్య: బాబూ, మేం శాకాహారులం. ఆ దీవుల్లో చేపలూ పీతలే కదా?

అతిథి: మీరు అనుకున్నంత ఇబ్బంది లేదమ్మా. గ్రీకులు పండగల ముందు వారాల తరబడి ఉపవాసాలుంటారు. ఆ వంటల్ని నిస్తీసిమో అంటారు. మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ వెయ్యరు. గెమిస్తా అని టమాటాల్లో, క్యాప్సికమ్‌లో అన్నం కూరి వండుతారు. గిగాంతెస్ అని పెద్ద పెద్ద తెల్ల చిక్కుడు గింజల కూర ఉంటుంది. హోర్తా అంటే ఉడికించిన ఆకుకూర. ఒక్క జాగ్రత్త: వాళ్ల ఉపవాసంలో రొయ్యలూ ఆక్టోపస్సూ తినొచ్చు. వాటిలో రక్తం లేదని వాళ్ల లెక్క. కాబట్టి నిస్తీసిమో అనగానే తలూపకుండా, ఏమేసి వండారో అడగండి. ఇంకోటి, సాంటోరినీలో ఫావా తప్పకుండా తినండి. పేరు చూసి చిక్కుడు గింజలనుకుంటారు, కాదు. మన కేసరి పప్పుకి దాయాది మొక్క. ఆ పసుపుపచ్చ పప్పు మెత్తగా ఉడకబెట్టి, పైన ఉల్లిపాయ ముక్కలు చల్లి ఆలివ్ నూనె పోస్తారు. కళ్లు మూసుకుంటే ముద్దపప్పే.

కాలర్ భార్య: హమ్మయ్య. పప్పుందంటే ఇక బతికేస్తాం.

యాంకర్: తర్వాతి కాల్ డబ్లిన్ నుంచి. చెప్పండి.

కాలర్ (డబ్లిన్): హాయ్ అండీ. నేనిక్కడ సాఫ్ట్‌వేర్. నాలుగు రోజులు సెలవు పెట్టి మాల్టా వెళ్దామని. వచ్చే వారమే. ఐఆర్‌పీ కార్డు, అదే ఐర్లండ్ రెసిడెన్స్ పర్మిట్, ఉంది కాబట్టి వీసా అక్కర్లేదు కదా?

అతిథి: టికెట్ కొనేశారా?

కాలర్ (డబ్లిన్): ...కొనేశానండీ.

అతిథి: అయ్యో. ఐర్లండ్ యూరోపియన్ యూనియన్లో ఉంది గానీ షెంజెన్లో లేదు. మాల్టా షెంజెన్. ఇండియన్ పాస్‌పోర్టుకి వీసా కావాల్సిందే, మీ కార్డు దానికి చెల్లదు. లండన్‌లో ఉన్నవాళ్లకీ ఇంతే. అదే జర్మనీ, ఫ్రాన్స్ రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్లయితే నేరుగా వెళ్లిపోవచ్చు. టికెట్ తేదీ మార్చుకోడానికి వీలవుతుందేమో ముందు అది చూడండి.

కాలర్ (డబ్లిన్): మార్చుకుంటే వెళ్లడం మంచిదేనా మరి?

అతిథి: భేషుగ్గా. నాలుగు రోజులకి సరిగ్గా సరిపోతుంది. మాల్టా అంటే మూడు దీవులు, అన్నీ కలిపి 316 చదరపు కిలోమీటర్లు. ఇంగ్లీషు అధికార భాష, కార్లు మనలా ఎడమ పక్కనే నడుస్తాయి. హైపోజియం అని నేల కింద తొలిచిన ప్రాచీన సమాధుల సముదాయం ఉంది, లోపలికి గంటకి పదిమందినే పంపుతారు. వీసా రాగానే ముందు ఆ టికెట్ బుక్ చెయ్యండి, హోటల్ తర్వాత. పాత ఫొటోల్లో అజూర్ విండో అనే రాతి తోరణం కనిపిస్తుంది, దాని కోసం వెతక్కండి. 2017 మార్చిలో తుపానుకి కూలిపోయింది.

యాంకర్: మధ్యలో ఒక వాట్సాప్ మెసేజ్ చదువుతాను. "కొత్తగా పెళ్లైంది. తొమ్మిది రోజుల్లో పారిస్, స్విట్జర్లాండ్, రోమ్, మికొనోస్, సాంటోరినీ. ఎలా?"

అతిథి: చేయొచ్చు. ఫొటోలన్నీ ఎయిర్‌పోర్టుల్లోవే వస్తాయి, అంతే. జూలై, ఆగస్టు అయితే ఇంకో చిక్కు. ఏజియన్ సముద్రంలో మెల్తెమి అని ఉత్తరపు గాలి వీస్తుంది. పైన ఎండ కాస్తూనే ఉంటుంది, కింద ఫెర్రీలు ఆగిపోతాయి. ఒకసారి నక్సోస్ దీవిలో నేనే ఇరుక్కున్నాను. రేవులో పెట్టె మీద కూర్చుని, ఏథెన్స్‌లో నా విమానం వెళ్లిపోయిన టైము చూసుకున్నాను. అప్పట్నుంచీ ఎవరికి ప్లాన్ వేసినా, చివరి దీవికీ ఇంటికొచ్చే విమానానికీ మధ్య ఒక రాత్రి ఖాళీ ఉంచుతాను. వీళ్లకి నా మాట ఒకటే: ఒక దేశం, రెండు దీవులు. పారిస్ ఎక్కడికీ పోదు.

యాంకర్: హైదరాబాద్ నుంచి కాల్. హలో?

కాలర్ (హైదరాబాద్): హలో మేడమ్. మేం నలుగురు ఫ్రెండ్స్. సంక్రాంతి సెలవులకి ఏదైనా దీవి, ఎండ ఉండాలి, బీచ్ ఉండాలి. గ్రీస్ అనుకుంటున్నాం.

అతిథి: జనవరిలో గ్రీస్ దీవులకి వెళ్తే పిల్లులే స్వాగతం చెప్తాయమ్మా. హోటళ్లు చాలావరకు మూసే ఉంటాయి. చలికాలంలో ఎండ కావాలంటే మధ్యధరా వదిలేసి అట్లాంటిక్‌కి రావాలి. స్పెయిన్ వాళ్ల కెనరీ దీవులు, పోర్చుగల్ వాళ్ల మదీరా. ఈ రెండూ మ్యాపులో ఆఫ్రికా పక్కనే ఉంటాయి గానీ షెంజెనే.

కాలర్ (హైదరాబాద్): మదీరా రీల్స్ చూశాం, సూపర్‌గా ఉంది.

అతిథి: నాకు మనసుకి నచ్చిన దీవి అదే. కొండ చరియల మీద మెట్లు మెట్లుగా అరటి తోటలు, వాటికి నీళ్లు పారించే సన్నని కాలువలు. లెవాడాలంటారు. ఆ కాలువ గట్ల మీదే నడక. కానీ మీరడిగింది బీచ్. మదీరాలో ఇసుక బీచ్‌లు అరుదు. పక్కన పోర్తో సాంతో దీవిలో తొమ్మిది కిలోమీటర్ల ఇసుక ఉంది, దానికి మళ్లీ ఓడో విమానమో ఎక్కాలి. పైగా మదీరా రన్‌వేకి అడ్డగాలులు. గాలి ఎక్కువైతే విమానాన్ని ఇంకో ఊరికి మళ్లించేస్తారు. లెక్కపెట్టి తీసుకున్న సెలవులతో వెళ్లేవాళ్లకి అది తలనొప్పి.

కాలర్ (హైదరాబాద్): అయితే కెనరీయా?

అతిథి: కెనరీల్లో టెనెరిఫే దీవికి వెళ్లండి, దక్షిణం వైపు దిగండి. ఉత్తరం పచ్చగా ఉంటుంది గానీ మబ్బు. మధ్యలో తైదే అగ్నిపర్వతం, 3,700 మీటర్ల పైనే, స్పెయిన్‌లో అదే ఎత్తైన శిఖరం. కేబుల్ కారు చాలా ఎత్తు దాకా వెళ్తుంది. ఆ మీద శిఖరానికి నడవాలంటే విడిగా పర్మిట్ ముందే తీసుకోవాలి. నీళ్ల సంగతి మాత్రం నిజం చెప్తాను. జనవరిలో అక్కడి సముద్రం 19 డిగ్రీలు. గోవా అనుకుని దూకితే కేకలే.

కాలర్ (హైదరాబాద్): (నవ్వు) కేకలు పెడదాంలెండి, నలుగురం ఉన్నాం కదా.

యాంకర్: రాజమండ్రి నుంచి...

కాలర్ (రాజమండ్రి): నమస్తే అండీ. మే నెలాఖరుకి ఇటలీ, పిల్లలతో. మా అబ్బాయికి పదకొండేళ్లు. వాడికి అగ్నిపర్వతాల పిచ్చి. వాడే అడుగుతాడట, ఇస్తున్నాను.

బాబు: అంకుల్, ఎట్నా ఎక్కొచ్చా? లావా కనపడుతుందా?

అతిథి: ఎక్కొచ్చు నాన్నా. 1,900 మీటర్ల దాకా బస్సు వెళ్తుంది. అక్కణ్ణుంచి కేబుల్ కారు 2,500 దాకా. బస్సు దిగిన చోటే 1892లో పుట్టిన సిల్వెస్త్రి బిలాలున్నాయి, వాటి అంచు మీద చిన్నపిల్లలు కూడా నడవగలరు. లావా కనపడుతుందో లేదో ఎట్నా ఇష్టం. మరీ కోపంగా ఉంటే పైకి పంపరు, కింది నుంచే చూడాలి. స్వెటర్ పెట్టుకో, మే నెలైనా పైన చలే. ఇంతకీ ఎట్నా ఉన్న సిసిలీ దీవికి ఎలా వెళ్తారు? విమానమా?

బాబు: నాన్న విమానం అన్నారు.

అతిథి: నాన్నని రైల్లో తీసుకెళ్లమను. రోమ్‌లో రాత్రి రైలెక్కితే ఇటలీ చివర సముద్రం వస్తుంది. వంతెన లేదు. అప్పుడు రైలుని ముక్కలుగా విడదీసి ఓడలోకి తోస్తారు. ఓడ లోపలా పట్టాలుంటాయి. మనుషులు పెట్టెల్లో ఉండగానే.

బాబు: రైలు... ఓడెక్కుతుందా?!

కాలర్ (రాజమండ్రి): అంటే మన సఖినేటిపల్లి పంటు మీద బైకులూ కార్లూ ఎక్కించినట్టా అండీ?

అతిథి: అదే పంటు, ఎక్కేది రైలు. వంతెన కడతామని అక్కడ దశాబ్దాలుగా చెప్తూనే ఉన్నారు. అది వచ్చేలోగా మీ వాడికి చూపించెయ్యండి. టైము విమానం కంటే చాలా ఎక్కువ పడుతుంది, ఆ సంగతి ముందే చెప్తున్నా.

కాలర్ (రాజమండ్రి): ఇంకెక్కడి విమానమండీ, వీడప్పుడే గెంతుతున్నాడు.

యాంకర్: టైమైపోయింది... ఆగండి, విజయవాడ మేడమ్ గారే మళ్లీ లైన్లోకి వచ్చారు. త్వరగా అడగండమ్మా.

కాలర్ భార్య: ఒక్క ముక్క బాబూ. ఆవకాయ తీసుకెళ్లొచ్చా?

అతిథి: తీసుకెళ్లొచ్చు. చెక్-ఇన్ పెట్టెలో, నూనె కారకుండా రెండు మూడు కవర్లు చుట్టి. చేతి బ్యాగులో వద్దు, ఊటని చూసి ఆపేస్తారు. నెయ్యి, పాలకోవా మాత్రం పెట్టకండి. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు తేనివ్వరు.

కాలర్ భార్య: నెయ్యి లేకుండా ఆవకాయ ఎలా తింటారు బాబూ?

అతిథి: ఆ ఫావా పప్పులో కలపండమ్మా. ఆలివ్ నూనె వాళ్లే పోసి ఇస్తారు.

కాలర్ భార్య: ఏమండోయ్, విన్నారా! సాంటోరినీలో రెండు కాదట, మూడు రాత్రులు...

(లైన్ కట్)