17 క్యాబేజీలు, ఒక్క వంటిల్లు

అందరికీ నమస్కారం.

ముందు నా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. క్యాబేజీ మొదటిసారి వేసిన ఏడాది 20 నారు మొక్కలు ఒకే రోజున నాటాను. సగం పురుగులకు పోతాయిలే అని నా లెక్క. పోయినవి మూడే. మిగిలిన 17 మొక్కలు, మాట్లాడుకున్నట్టు ఒకే వారంలో గడ్డ కట్టేశాయి. ఒక్కోటి రెండు కిలోలు. ఇంట్లో మేం ముగ్గురం. మొదటి రెండు రోజులు ఫోటోలు తీసుకున్నాం, తర్వాత తెలిసినవాళ్ళందరికీ పంచాం. వారం తిరిగేసరికి నా చేతిలో సంచి కనిపిస్తే చాలు, ఎదురింటావిడ గుమ్మం దాకా వచ్చి "నిన్నటిదే ఇంకా ఉందండీ" అనేది.

మిగిలినవాటితో నానా తంటాలు పడ్డాక నాకు అర్థమైంది ఒక్కటే. క్యాబేజీ అంటే నీళ్ళు. వంద గ్రాముల్లో దాదాపు 92 గ్రాములు నీరే. అంటే మా 34 కిలోల పంటలో 31 కిలోలకు పైగా నీళ్ళే. ఈ నీళ్ళని ఏం చేయాలో తేల్చుకుంటే వంట దానంతట అదే తేలుతుంది. ఉప్పేసి బయటికి లాగొచ్చు, పెద్ద మంట మీద ఎగరగొట్టొచ్చు, మూతపెట్టి అందులోనే మగ్గనివ్వొచ్చు. ఇవేవీ చేయకుండా పైనుంచి ఇంకో రెండు గ్లాసులు పోసి ఉడకబెడతాం చూశారా, క్యాబేజీకి చెడ్డపేరు వచ్చింది అక్కడే.

వంటింట్లోకి వెళ్ళేముందు తోటలో ఒక్క నిమిషం. గడ్డ గట్టిపడ్డాక పెద్ద వాన పడినా, చాలా రోజులు ఎండగట్టి ఒక్కసారిగా నీళ్ళు పెట్టినా లోపలి ఆకులు ఉబ్బి గడ్డ పగులుతుంది. ఇదీ నీళ్ళ గొడవే. పగిలింది ఎక్కువ రోజులు నిలవదు కాబట్టి ముందు దాన్ని కోయండి. మిగతావి తయారైపోయాయి, వంటింట్లో చోటు లేదు అనుకుంటే గడ్డని రెండు చేతులతో పట్టుకుని పావు చుట్టు తిప్పండి. కొన్ని వేళ్ళు తెగి, మొక్క నీళ్ళు లాగడం తగ్గుతుంది. వారం పది రోజులు గడువు దొరుకుతుంది. కోసేటప్పుడు మొక్కని పీకొద్దు. మోడు వదిలేస్తే దాని పక్కల నుంచి పిడికిలంత చిన్న గడ్డలు మళ్ళీ వస్తాయి. ఇంకా క్యాబేజీలా అని భయపడకండి, అవి లేతగా, చాలా రుచిగా ఉంటాయి.

గట్టిగా, బరువుగా ఉన్నవి దాచుకోవడానికి. కడగొద్దు, పైన ముదురాకులు రెండు మూడు ఉంచేయండి. సున్నా డిగ్రీలకు దగ్గరగా, గాలిలో తేమ బాగా ఉన్నచోట మంచి రకాలు నెలల తరబడి ఉంటాయి. ఇంట్లో ఫ్రిజ్ కూరగాయల అరలో సంచిలో పెడితే కొన్ని వారాలకు ఢోకా లేదు. యాపిల్స్ మాత్రం పక్కన పెట్టకండి. వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకి ఆకులు పసుపు రంగుకి తిరిగి రాలిపోతాయి.

ఇక ఉప్పు సంగతి. పంట ఎక్కువైనవాళ్ళకి ఉప్పుని మించిన స్నేహితుడు లేడని నా అభిప్రాయం. జర్మన్లు సావర్‌క్రాట్ అంటారు, ఆ మాటకి అర్థం పుల్ల క్యాబేజీ అనే. కావలసినవి రెండే, క్యాబేజీ, ఉప్పు. ముదురాకులు, నడిమి కాడ తీసేసి సన్నగా తరిగి తూకం వేయండి. కిలోకి 20 గ్రాముల ఉప్పు, అంటే నూటికి రెండు పాళ్ళు. చెంచాల లెక్క వద్దు. కల్లుప్పు చెంచాకీ మెత్తటి ఉప్పు చెంచాకీ బరువులో చాలా తేడా ఉంటుంది.

వెడల్పాటి బేసిన్‌లో వేసి చేత్తో పిసకడం మొదలుపెట్టండి. మొదటి రెండు నిమిషాలు ఏమీ జరగదు. తరుగు కరకరమంటూ చేతికి ఎదురు తిరుగుతుంది, బేసిన్‌లోంచి కింద పడుతుంది. ఇదేం పని అనిపిస్తుంది. నాలుగో నిమిషానికి వేళ్ళు తడవుతాయి. ఏడెనిమిది నిమిషాలయ్యేసరికి చప్పుడు మారుతుంది. కరకర పోయి, తడి బట్ట పిండుతున్నట్టు పిచపిచమంటుంది. తెల్లగా ఉన్న తరుగు అద్దంలా పారదర్శకంగా అవుతుంది. గుప్పెడు తీసి పిండితే ధారగా నీళ్ళు కారతాయి. బేసిన్‌కి గోపురంలా ఉన్నది అడుగున సగానికి దిగుతుంది. చుక్క నీరు పోయలేదు, ఆ ఉప్పునీరంతా దానిలోదే. పిసికే ఓపిక లేకపోతే ఉప్పు కలిపి అరగంట వదిలేయండి, సగం పని ఉప్పే చేసిపెడుతుంది.

తర్వాత గాజు జాడీలో కుక్కాలి. కుక్కడమంటే నిజంగా పిడికిలితో అదిమి కుక్కడమే, మధ్యలో గాలి ఉండకూడదు. తరుగు మొత్తం నీళ్ళ కింద మునగాలి. పైన ఒక ముదురాకు మడిచి పెట్టి, దానిమీద శుభ్రమైన బరువేదైనా పెట్టండి. నీళ్ళతో నింపిన చిన్న గాజు సీసా అయినా సరిపోతుంది. మునిగి ఉన్నంతసేపు గాలి తగలదు, ఉప్పూ గాలి లేమీ తట్టుకోగల బ్యాక్టీరియా మాత్రమే పెరుగుతుంది. అది క్యాబేజీలోని చక్కెరని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆ పులుపులో చెడగొట్టే క్రిములు బతకలేవు. 18 నుంచి 22 డిగ్రీల మధ్య మూడు నాలుగు వారాలు పడుతుంది. ఎండ కాస్తే తొందరగా పులుస్తుంది, కాకపోతే కాస్త మెత్తబడుతుంది.

జాడీ పైన నాలుగు వేళ్ళ ఖాళీ వదలండి. ఇది మాత్రం స్వానుభవం. మొదటిసారి నేను అంచుదాకా నింపి, మూత బిగించి, గర్వంగా పై అరలో పెట్టాను. మొదటి రోజుల్లో కార్బన్ డయాక్సైడ్ జోరుగా వస్తుందని తెలియదు. రెండో రోజు పొద్దున చూస్తే ఉప్పునీరు అర మీద నుంచి కింది అరలోకి కారి, నేను పదేళ్ళుగా వంటలు రాసుకున్న నోటుపుస్తకాన్ని తడిపేసింది. సిరా అంతా అల్లుకుపోయింది. కేకు కొలతలు ఇప్పటికీ అందులో కనిపించవు. అప్పటి నుంచి జాడీ కింద పళ్ళెం, మూత వదులుగా. పైన పల్చటి తెల్లని పొర కడితే అది ఈస్టు, తీసేస్తే సరి. నూగునూగుగా రంగు బూజు పడితే మాత్రం మొహమాటం లేకుండా మొత్తం పారేయండి.

పిల్లలు తినరంటారా? 1768లో ఇంగ్లండ్ నుంచి బయలుదేరిన ఎండీవర్ ఓడలో కెప్టెన్ జేమ్స్ కుక్‌కీ ఇదే టెన్షన్. సి విటమిన్ లోపంతో వచ్చే స్కర్వీ జబ్బు రాకుండా పుల్ల క్యాబేజీ పీపాలు వేసుకెళ్ళాడు. నావికులు ముట్టలేదు. ఆయన బలవంతం చేయలేదు, రోజూ అధికారుల బల్ల మీద మాత్రం వడ్డించాడు. పెద్దవాళ్ళు తింటున్నారంటే ఏదో విశేషం ఉండే ఉంటుందని నావికులూ అడిగి మరీ తిన్నారని తన దినచర్యలో రాసుకున్నాడు. మా ఇంట్లో ఈ ఉపాయం పనిచేసింది. పిల్లాడికి పెట్టకుండా మేమే తిన్నాం, అంతే.

కొరియా వాళ్ళ కిమ్చీ కూడా ఉప్పు లెక్కే, అయితే దానికి ఎక్కువగా వాడేది పొడవాటి నాపా క్యాబేజీ, అది వేరే జాతి మొక్క. చలికాలానికి ముందు ఊళ్ళోవాళ్ళంతా కలిసి కిమ్చీ పెట్టుకునే కిమ్జాంగ్‌ని 2013లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. పంట ఒకేసారి చేతికొస్తే పదిమంది చేతులు కావాలని వాళ్ళకి ఎప్పుడో తెలుసు. మన గుండ్రటి క్యాబేజీతోనూ అదే పద్ధతిలో చేసుకోవచ్చు, కాస్త కరకరలాడుతుంది.

పచ్చి సలాడ్‌కీ ఉప్పే. తరుగుకి ఉప్పు పట్టించి 20 నిమిషాలు ఆగి, కడిగి, గట్టిగా పిండి, ఆ తర్వాత పెరుగో మయొనీసో నిమ్మరసమో కలపండి. గంట తర్వాత అడుగున నీళ్ళ మడుగు ఉండదు.

రెండోది మంట. గడ్డని మధ్యలో కాడ తీయకుండా రెండు వేళ్ళ మందాన ముక్కలు కోయండి, కాడే ఆకుల్ని పట్టి ఉంచుతుంది. ఇనుప పెనం పొగ వచ్చేదాకా కాల్చి, నూనె వేసి, ముక్క పరిచి, చేతులు కట్టుకుని నిలబడండి. కష్టమైన పని అదే. అయిదు నిమిషాలు కదపకూడదు. అంచు నల్లబడి మాడిపోయిందేమో అనిపించేటప్పుడు తిప్పండి. అప్పుడు క్యాబేజీలోని కొద్దిపాటి చక్కెర కాలి, వేయించిన గింజల వాసన వస్తుంది. రెండోవైపు మూడు నాలుగు నిమిషాలు, ఆపైన కాస్త మూత. ఉప్పు, నిమ్మరసం దించాకే. ముందే ఉప్పేస్తే నీరొచ్చి ముక్క వేగదు, ఉడుకుతుంది. ఓవెన్ ఉన్నవాళ్ళు 220 డిగ్రీల్లో అరగంట పెట్టుకుంటే ఒకేసారి రెండు గడ్డలు అయిపోతాయి. సన్నగా తరిగి వేయించేటప్పుడూ అంతే, మూకుడు నింపేయకండి. నిండితే ఆవిరి పోయే దారి ఉండదు.

వాసన గురించి అందరూ అడుగుతారు. క్యాబేజీ, ఆవాలు ఒకే కుటుంబం. రెండింటిలోనూ గంధకం ఉన్న పదార్థాలుంటాయి. ఆవాలు నూరితే వచ్చే ఘాటు, పచ్చి క్యాబేజీ తరిగితే వచ్చే ఘాటు అన్నదమ్ములే. నీళ్ళలో ఉడికించే కొద్దీ అవి విడిపోయి, కుళ్ళిన గుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటివి పుడతాయి. అందుకే నీళ్ళలో వేస్తే అయిదారు నిమిషాల్లో తీసేయాలి.

మరి గంటసేపు వండే పద్ధతి కూడా ఉందిగా? ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. మగ్గబెట్టడం. కిలో తరుగు, రెండు ఉల్లిపాయలు, మంచి ముద్ద వెన్న, ఉప్పు. మందపాటి గిన్నె, బాగా చిన్న మంట, మూత. నీళ్ళు వద్దు, దాని నీళ్ళే దానికి చాలు. ముప్పావు గంటకి మెత్తగా కుంగిపోతుంది. అప్పుడు మూత తీసి ఇంకో పావుగంట కలుపుతూ ఉంటే నీరు ఇగిరి, తేనె రంగు తిరిగి, జామ్‌లా దగ్గరపడుతుంది. ఇల్లంతా వాసన రాదని అబద్ధం చెప్పను, కాని అది వెన్నా ఉల్లీ కలిసిన తియ్యటి వాసన. కిలో తరుగు చిన్న గిన్నెడవుతుంది. 17 గడ్డల మనిషికి ఇంతకన్నా శుభవార్త ఏముంటుంది? రొట్టె మీద, ఆమ్లెట్‌లో, పాస్తాలో దేనిలోనైనా పనికొస్తుంది. డబ్బాల్లో పెట్టి ఫ్రీజర్‌లో దాచుకోవచ్చు. ఊదా క్యాబేజీ అయితే కాస్త వెనిగరో నిమ్మరసమో పోయండి, లేకపోతే రంగు నీలంగా మారి, తినేవాళ్ళు అనుమానంగా చూస్తారు.

ఆకుల్లో కూరి చుట్టే చుట్టలు పోలండ్ నుంచి టర్కీ దాకా ప్రతి దేశంలోనూ ఉన్నాయి. అందులో చిరాకల్లా ఆకు చిరగకుండా విడదీయడమే. గడ్డని మొత్తంగా ఒక రాత్రి ఫ్రీజర్‌లో పెట్టి, మర్నాడు కరగనివ్వండి. లోపలి నీరు గడ్డకట్టి కణాల గోడలు చీలుస్తుంది, ఆకులు రుమాలులా వంగుతాయి. మధ్య ఈనె ఉబ్బుని కత్తితో చెక్కేస్తే చుట్టడం తేలిక. ఈ కారణంగానే పచ్చి తరుగుని అలాగే ఫ్రీజ్ చేస్తే చప్పబడిపోతుంది. దాచాలంటే తరుగుని ఒకటిన్నర నిమిషం, పెద్ద ముక్కల్ని మూడు నిమిషాలు మరిగే నీళ్ళలో ముంచి, వెంటనే మంచునీళ్ళలో వేసి, ఆరబెట్టి పెట్టండి. అది సూపులకీ కూరలకే గాని సలాడ్‌కి కాదు.

అన్నట్టు, కాడ పారేయకండి. పైన పీచు చెక్కితే లోపల నూల్‌కోల్ రుచే. రెండూ, కాలీఫ్లవర్, బ్రొకోలీతో సహా, వృక్షశాస్త్రం లెక్కలో ఒకే జాతి. తోటలోది కాబట్టి పురుగులుంటాయి, కోసే ముందు ఉప్పునీళ్ళలో 20 నిమిషాలు నానబెడితే పైకి తేలతాయి.

మీకోసం రెండు జాడీలు తెచ్చాను, ఆ చివర బల్ల మీద ఉన్నాయి. ఎరుపు మూతది పది రోజులది, నీలం మూతది ఆరు వారాలది. ముందు ఎరుపుది రుచి చూసి తర్వాత నీలం దగ్గరికి వెళ్ళండి, లేకపోతే మొదటిది చప్పగా అనిపిస్తుంది. చేతులు పెట్టకండి, ఫోర్కులు పక్కనే ఉన్నాయి. ప్రశ్నలుంటే తింటూనే అడగండి. వెళ్ళేటప్పుడు గుమ్మం పక్కన సంచిలో ఆరు గడ్డలున్నాయి, ఎవరైనా తీసుకెళ్ళండి, దయచేసి.