మోచేతి నొప్పి తగ్గకపోతే ఆపరేషనేనా?

అందరికీ నమస్కారం. మన పర్లాకిమిడిలో టెన్నిస్ ఆడేవాళ్లు ఎంతమందో గానీ టెన్నిస్ ఎల్బో ఉన్నవాళ్లకి మాత్రం కొదవ లేదు. రోజంతా ఆకురాయితో కొమ్ము బొమ్మలు అరగదీసేవాళ్లు, తాపీమేస్త్రీలు, వడ్రంగులు, బకెట్ల కొద్దీ బట్టలు పిండే ఆడవాళ్లు, వీళ్లే సర్జన్‌నైన నా దగ్గరికి ఎక్కువగా వస్తారు. టీ గ్లాసు ఎత్తినా మోచేయి బయటి వైపు జివ్వుమంటుంది అంటారు. సచిన్ 2005లో లండన్ వెళ్లి దీనికి ఆపరేషన్ చేయించుకున్నాడు కదా, మాకూ చేసేయండి అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ముందే చెప్పేస్తున్నా, పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి ఏడాది రెండేళ్లలో కత్తి పెట్టకుండానే తగ్గిపోతుంది. కాబట్టి కనీసం ఆరు నెలల నుంచి ఏడాది పాటు వ్యాయామాలు సరిగ్గా చేసి, పని తీరు మార్చుకుని, అప్పటికీ రాత్రిళ్లు నిద్ర పట్టనివాళ్ల గురించే ఈ మాటలన్నీ. "సరిగ్గా" అన్నది గమనించండి. నాలుగు రోజులు మోచేతికి బెల్టు కట్టి విప్పేస్తే అది లెక్కలోకి రాదు.

అసలు లోపల ఏమవుతుందంటే, మణికట్టును వెనక్కి ఎత్తే కండరం ఒకటి చివర టెండన్‌గా, అంటే ఎముకకి పట్టి ఉండే గట్టి తాడులాగా మారి మోచేయి బయటి బుడిపెకి అతుక్కుని ఉంటుంది. దాని మీద పదేపదే భారం పడి అరుగుతుంది, మానబోతుంది, మళ్లీ చెడుతుంది. ఆరోగ్యంగా ఉన్న టెండన్ తెల్లగా, మెరుస్తూ, గట్టిగా ఉంటుంది. చెడిన చోట బూడిద రంగులో మెత్తగా ఉండి, గీరితే ఊడివస్తుంది. 1979లో అమెరికా డాక్టర్లు నిర్షల్, పెట్రోన్ ఈ సంగతి వివరంగా రాశారు. ఇది అరుగుదల, వట్టి వాపు కాదు. అందుకే వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇంజెక్షన్ దీన్ని నయం చేయదు; కొన్ని వారాలు హాయిగా ఉంచి, ఏడాది గడిచేసరికి అసలు ఇంజెక్షన్ వేయించుకోనివాళ్ల కన్నా వెనకబడేలా చేస్తుందని పరిశోధనల్లో తేలింది. కాబట్టి ఒకటి పని చేయలేదని రెండోది, మూడోది వేయించుకుంటూ పోకండి, దయచేసి.

ఇక ఆపరేషన్లు. పాతది, ఎక్కువగా చేసేది ఓపెన్ పద్ధతి. చేతి వరకే మత్తిచ్చి, బుడిపె దగ్గర రెండు మూడు సెంటీమీటర్లు కోసి, పైనున్న కండరాన్ని పక్కకి తప్పించి, ఆ బూడిద రంగు భాగాన్ని మాత్రం తీసేస్తారు. కొందరు ఎముకకి చిన్న రంధ్రాలు కూడా వేస్తారు, రక్తం చేరి మానుతుందని. ఇక్కడ చేయి తిరిగినవాళ్లు కావాలి, ఎందుకంటే కాస్త వెనక్కి జరిగితే కీలును పట్టి ఉంచే లిగమెంట్ తెగి, మోచేయి వదులైపోవచ్చు. రెండోది కెమెరాతో, చిన్న రంధ్రాల ద్వారా చేసేది. కీలు లోపల ఇంకేమైనా తేడా ఉందా అన్నది కూడా అందులో చూడొచ్చు, కాకపోతే ఖర్చు, పరికరాలు ఎక్కువ. మూడోది చిన్న గాటులోంచి టెండన్‌ను వదులు చేయడం. దీంతో పనికి తొందరగా తిరిగి వెళ్లగలుగుతున్నారు. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూదితోనే చెడిన భాగాన్ని తీసే పద్ధతీ ఉంది. ఏడాది రెండేళ్ల తర్వాత చూస్తే వీటి మధ్య పెద్ద తేడా ఏమీ ఉండదు, కాబట్టి మీ డాక్టరుకి ఏది బాగా చేతనవునో అదే చేయించుకోండి.

ఒక ఇబ్బందికరమైన సంగతి కూడా దాచకూడదు. ఆస్ట్రేలియాలో 26 మందిని రెండు గుంపులు చేసి, సగం మందికి అసలు ఆపరేషన్, మిగతా సగానికి కోసి టెండన్‌ను చూసి ముట్టుకోకుండా కుట్టేశారు. ఎవరికి ఏది చేశారో పేషెంట్లకి తెలియదు. 2018లో వచ్చిన ఫలితం ఏంటంటే, రెండు గుంపులకీ దాదాపు ఒకేలా తగ్గింది. చిన్న పరిశోధనే అనుకోండి, అయినా సర్జన్లమైన మేము కాస్త తల దించుకోవాల్సిందే. ఆపరేషన్ వద్దని నేననను, తొందరపడొద్దని మాత్రం అంటాను.

బరంపురం వెళ్లినా, పాతపట్నం మీదుగా శ్రీకాకుళం, విశాఖ వెళ్లినా ఒకటి తప్పకుండా అడగండి: ఇది నిజంగా టెన్నిస్ ఎల్బోయేనా? నొప్పి బుడిపె మీద కాకుండా మూడు నాలుగు సెంటీమీటర్లు కిందుంటే నరం నొక్కుకుపోయి ఉండొచ్చు, మెడ నుంచి కూడా రావొచ్చు. అప్పుడు టెండన్ కోసి లాభం లేదు.

చాలామంది సాయంత్రానికే ఇంటికి వెళ్లిపోతారు. పది, పద్నాలుగు రోజుల్లో కుట్లు తీస్తారు, ఈలోగానే చేయి మెల్లగా ఆడించడం మొదలవుతుంది. బలం పెంచే వ్యాయామాలు ఆరు వారాల తర్వాత, బరువు పని మూడు నాలుగు నెలలకి. రోజు కూలి మీద బతికేవాళ్లు ఆ నాలుగు నెలలు ఇల్లు ఎలా గడుస్తుందో చూసుకుని తేదీ పెట్టించుకోండి. బీడీ, సిగరెట్ మానండి, లేకపోతే గాయం మానడం ఆలస్యమవుతుంది. తిరిగి పనిలోకి దిగేటప్పుడు ఆకురాయి పిడికి పాత సైకిల్ ట్యూబు చుట్టి లావు చేసుకోండి, మోచేయి ఒంటికి దగ్గరగా ఉంచండి, బిందె ఎత్తినా సంచి ఎత్తినా అరచేయి పైకి ఉండేలా ఎత్తండి.