పీ పలకాలా, మింగాలా?

శ్రోతలకు నమస్కారమండీ. కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో కోరింగ మడ అడవి ఉంది కదా. అక్కడ చెక్క వంతెన మీద నడుస్తూ ఒకసారి కిందికి చూడండి. ఆటు సమయంలో బురద నిండా పెన్సిళ్లు గుచ్చినట్టు వేళ్లు నిలబడి ఉంటాయి. చెట్టు వేరు కిందికి పోవాలి కదా, ఇవి పైకి లేచాయేమిటి?

బురదలో గాలి ఆడదు. పోటు వచ్చి నీళ్లు కమ్మితే అసలే ఆడదు. అందుకని మడ చెట్టు కొన్ని వేళ్లను పైకి పంపుతుంది. ఆటు తీయగానే వాటి మీదున్న సన్నని రంధ్రాల్లోంచి గాలి లోపలికి వెళ్లి, అడుగునున్న వేళ్లకు అందుతుంది. ఇవి శ్వాస వేళ్లు.

ఇంగ్లీషు పుస్తకంలో వీటి పేరు పీ, ఎన్, ఈ, యూ అని మొదలవుతుంది. చూడగానే బైపీసీ పిల్లలకు టెన్షన్. రాసిన అక్షరమల్లా పలకడం మన అలవాటు కాబట్టి ‘ప్న్యు’ దగ్గరే నాలుక మడత పడుతుంది. ఆ పీని మింగేయండి. న్యుమ్యాటఫోర్. ‘మ్యా’ దగ్గర ఒత్తి పలకాలి. న్యు-మ్యా-టఫోర్.

గ్రీకులో ప్న్యూమా అంటే ఊపిరి, ఫోరోస్ అంటే మోసేది. డీఏపీ బస్తాలోని ఫాస్ఫరస్‌లో ఉన్నదీ ఆ ఫోరోసే. వెలుగును మోసేదని దాని అర్థం. పాత గ్రీకులు ఆ పీని శుభ్రంగా పలికేవారు. ఫ్రెంచివాళ్లు ఇప్పటికీ పలుకుతారు. ఇంగ్లీషువాళ్లు పలకడం మానేశారు గానీ రాయడం మానలేదు. పరీక్ష రాసేది మాత్రం మన పిల్లలు! న్యుమోనియాలోనూ ఇదే తంతు.

మరి పీని ఎప్పుడూ మింగాల్సిందేనా? కాదు. వరదలప్పుడు లంకల మీదికి వచ్చే హెలికాప్టర్‌నే తీసుకోండి. హెలికో అంటే మెలి తిరిగినది, ప్టెరోన్ అంటే రెక్క. అదే రెక్క టెరడాక్టిల్ అనే పాతకాలపు ఎగిరే సరీసృపం పేరులో మొదట్లో ఉంది, పీ పోయింది. హెలికాప్టర్‌లో నడుమ ఉంది, పీ మిగిలింది. మొదట ఉంటే మింగండి, నడుమ ఉంటే పలకండి. ఇలాంటి గ్రీకు మాటల్లో చాలావాటికి ఇది సరిపోతుంది.

ఆస్పత్రి చీటీ మీద డిస్ప్నియా అని ఉందనుకోండి. అదీ ఊపిరి కుటుంబమే. పీ నడుమ ఉంది, పలకాలి. డిస్-ప్నీ-యా. మీరు డాక్టరుగారితో చెప్పేటప్పుడు మాత్రం ‘ఆయాసంగా ఉందండీ’ అంటే చాలు.