సెస్నా 172 రివ్యూ: నాలుగు సీట్లున్నాయని నలుగురూ ఎక్కేయొచ్చా?

అందరికీ నమస్కారం. నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు తల్లిదండ్రులకు ఎక్కువగా ఉండే అనుమానం ఒకటి: "మావాడికి ఇంటర్ ఎంపీసీ అయింది, పైలట్ ట్రైనింగ్‌కి పంపుదామనుకుంటున్నాం, ఆ చిన్న విమానాలు నమ్మొచ్చా?" ఇంకోవైపు, అలాస్కాలో ఏటి ఒడ్డు గులకరాళ్ల మీద దిగే విమానాలను చూసి, మన పెన్నా ఇసుకలో కూడా అలా దిగొచ్చా అనే కుర్రాళ్లున్నారు. ఇద్దరికీ కలిపి ఈ వీడియో.

సెస్నా 172 అంటే శిక్షణకు ఎక్కువగా వాడే నాలుగు సీట్ల చిన్న విమానం. దీని అమ్మకాలు మొదలైంది 1956లో. ఇప్పటికి 44 వేలకు పైగా తయారయ్యాయి. ఇన్ని తయారైన విమానం ప్రపంచంలో ఇంకోటి లేదు. రెక్క పైన ఉంటుంది కాబట్టి కింద ఊళ్లు, చెరువులు, రోడ్లు చక్కగా కనిపిస్తాయి. నాకు ఇందులో బాగా నచ్చింది స్టాల్ హెచ్చరిక. వేగం మరీ తగ్గి, రెక్క మోయలేని స్థితి వస్తోందంటే ఎడమ రెక్క ముందు అంచులో ఉన్న చిన్న రంధ్రం గాలిని లాగి, బూరలా మోగుతుంది. దానికి కరెంటు కూడా అక్కర్లేదు. అప్పుడు ముక్కు కాస్త దించితే విమానం మళ్లీ దారిలోకి వస్తుంది. నేర్చుకునే పిల్లలకు కావాల్సింది ఇదే: తప్పు చేస్తే ముందే చెప్పాలి, దిద్దుకునే సమయమివ్వాలి.

ఇప్పుడు సీట్ల సంగతి. 172ఎస్ మోడల్ మోసేది మనుషులు, సామాను, పెట్రోలు అన్నీ కలిపి దాదాపు 400 కిలోలు. ట్యాంకులు నిండా నింపితే పెట్రోలే 144 కిలోలు. 75 కిలోల మనుషులు నలుగురంటే 300. కూడండి, 444 అయింది! నలుగురూ ఎక్కాలంటే పెట్రోలు తగ్గించాల్సిందే. శిక్షణలో ఉండేది ఇద్దరే కాబట్టి ఇబ్బంది లేదు. టూర్లు తిప్పేవాళ్లకు మాత్రం ప్రతి ట్రిప్పుకీ ఈ లెక్క తప్పదు.

దీనికి మన ఎండ తోడవుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ వేడికి గాలి పలచబడి ఇంజన్, ప్రొపెల్లర్, రెక్క మూడింటి బలమూ తగ్గుతుంది. సముద్రమట్టంలో 15 డిగ్రీల దగ్గర 960 అడుగుల్లో నేల వదిలే ఈ విమానానికి 40 డిగ్రీల దగ్గర 1150 అడుగులు కావాలి. అదీ నున్నటి తారు రన్‌వే మీద, ఎదురుగాలి లేనప్పుడు. అందుకే వేసవిలో తెల్లవారుజామునే ఎగిరే బ్యాచ్ అడగండి. మధ్యాహ్నం గాలి కుదుపులకు కొత్తవాళ్లు వాంతులు చేసుకుని అనవసరంగా టెన్షన్ పడతారు.

ఇక అలాస్కా వీడియోల్లో కనిపించే పైపర్ సూపర్ కబ్. 1949లో వచ్చింది. ఉక్కు గొట్టాల చట్రానికి గుడ్డ తొడిగిన తేలికపాటి విమానం, ముందొకరు, వెనకొకరు కూర్చుంటారు. 150 హార్స్‌పవర్ మోడల్ కంపెనీ లెక్క ప్రకారం 200 అడుగుల్లోనే లేస్తుంది. మూడో చక్రం తోక కింద ఉంటుంది, కాబట్టి ప్రొపెల్లర్ రాళ్లకు తగలకుండా ఎత్తులో ఉంటుంది. 172 ముక్కు చక్రం మెత్తటి ఇసుకలో దిగబడితే ప్రొపెల్లర్ నేలకు కొట్టుకుంటుంది. కానీ తోక చక్రంతో దిగడం కష్టం. బరువు వెనకుంటుంది కదా, కాస్త పక్కకు తిరిగితే తోకే ముందుకొచ్చి విమానం గిర్రున తిరిగిపోతుంది. అందుకే మొదటి శిక్షణకు నా ఓటు 172కే. సూపర్ కబ్ తర్వాత నేర్చుకోవచ్చు, నేర్చుకుంటే కాళ్లతో రడ్డర్, అంటే విమానం ముక్కును పక్కకు తిప్పే తోక పలక, వాడటం నిజంగా వస్తుంది.

పెన్నా ఇసుక సంగతికొస్తే, ఎవరికి వారు దిగడం కుదరదు, అనుమతి ఉండాలి. పులికాట్ మీద ఫ్లెమింగోలను చూపించే టూర్ ఎంత బాగుంటుందో! కానీ పక్కనే శ్రీహరికోట, అక్కడ గగనతలం మీద ఆంక్షలున్నాయి. ఆశ పెట్టుకోవాల్సింది నల్లమల వైపు. 2024 నవంబరులో విజయవాడ నుంచి శ్రీశైలానికి సీప్లేన్, అంటే నీళ్ల మీద దిగే విమానం, ట్రయల్ చేశారు. అందులో వాడిన ట్విన్ ఆటర్ విమానం కూడా తక్కువ దూరంలో లేచే రకమే.

తల్లిదండ్రులకు ఒక్క మాట. స్కూల్లో ఎన్ని విమానాలు నిలబెట్టి ఉన్నాయని కాకుండా, ఎన్ని ఎగురుతున్నాయి, ఇన్‌స్ట్రక్టర్లు ఎంతమంది, నెలకు ఒక్కో విద్యార్థికి ఎన్ని గంటలు దక్కుతున్నాయని అడగండి. కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు కావాలి. ఫీజు కట్టకముందే డీజీసీఏ (దేశంలో పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) గుర్తించిన డాక్టరు దగ్గర మెడికల్ చేయించండి. కంటిచూపులో రంగుల సమస్య ఉంటే అప్పుడే బయటపడుతుంది, డబ్బు మీ దగ్గరే ఉంటుంది.