వర్షాకాలంలో అండమాన్ వెళ్లొచ్చా? ఆఫ్ సీజన్ బ్యాక్‌ప్యాకింగ్ రివ్యూ

నమస్తే అండి. జూన్, జులైలో అండమాన్ ఎలా ఉంటుందని చాలా మంది అడుగుతున్నారు. రూమ్ రేట్లు తగ్గాయని చూసి మనసు లాగుతున్నట్టుంది. జవాబు ఇప్పుడే చెప్పేస్తాను. తిరుగు ఫ్లైట్‌కి ముందు రెండు రోజులు ఖాళీగా ఉంచుకోగలిగితే వెళ్లండి. నాలుగు రోజుల హనీమూన్ ప్యాకేజీ అయితే మాత్రం ఫిబ్రవరి దాకా ఆగండి.

ఎందుకంటే అక్కడ మన ప్లాన్‌ని పాడు చేసేది వాన కాదు, గాలి. వాన ఎలాగూ తప్పదు. మే మధ్యలో నైరుతి మొదలవుతుంది, అది వెళ్లీ వెళ్లకముందే ఈశాన్యం అందుకుంటుంది. ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్లు. ముసురు పట్టే రోజులూ ఉంటాయి, గంటసేపు దంచి కొట్టి ఎండ కాసే రోజులూ ఉంటాయి. తడిస్తే ఆరబెట్టుకుంటాం. గాలి పెరిగిందంటే మాత్రం ఫెర్రీలు ఆపేస్తారు. శ్రీ విజయపురం, అంటే 2024 దాకా మనం పోర్ట్ బ్లెయిర్ అన్న ఊరు, అక్కడి నుంచి హేవ్‌లాక్‌కి, నీల్‌కి మనలాంటి వాళ్లు వెళ్లాలంటే ఫెర్రీయే దిక్కు. ఈ దీవులకి 2018లో స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అని పేర్లు పెట్టారు గానీ జనం నోట ఇంకా పాత పేర్లే.

సీజన్‌లో వెళ్తే ఈ టెన్షన్ ఉండదనుకోకండి. 2016 డిసెంబర్‌లో, టూరిస్టులు కిక్కిరిసే నెలలోనే, వాతావరణం చెడి ఈ రెండు దీవుల్లో వెయ్యి మందికి పైగా ఇరుక్కుపోయారు. చివరికి నేవీ ఓడలు వెళ్లి తీసుకొచ్చాయి.

అందుకే ప్యాకేజీ వాళ్లు ఇచ్చే వరసని తిరగేయమంటాను. వాళ్లు మొదటి రోజే శ్రీ విజయపురంలోని సెల్యులార్ జైలు చూపిస్తారు. మీరు మాత్రం సముద్రం బాగుంటే దిగగానే దీవులకి వెళ్లిపోండి. జైలు, మ్యూజియాలు చివరికి ఉంచండి, అవి వానలోనూ చూడొచ్చు. రెక్కల్లా చాచిన ఏడు విభాగాలతో కట్టిన జైలులో ఇప్పుడు మూడే మిగిలాయి. నిదానంగా చూడాల్సిన చోటు, ఆఫ్ సీజన్‌లో అది కుదురుతుంది.

ఫెర్రీల్లో నా ఓటు సర్కారు ఫెర్రీకే. ప్రైవేట్ కాటమరాన్, అంటే రెండు పడవలు జోడించినట్టుండే ఓడ, వేగంగా వెళ్తుంది, ఏసీ ఉంటుంది, నిజమే. కానీ అలలు ఎత్తి కుదేస్తుంటే ఆ మూసేసిన హాల్లో పక్కవాళ్ల వాంతుల మధ్య కూర్చోవాలి. సర్కారు ఫెర్రీ నిదానం, చవక, డెక్ మీద గాలి తగులుతుంది.

ఇప్పుడు బీచ్‌ల సంగతి. హేవ్‌లాక్‌లో అందరూ పరుగెత్తేది రాధానగర్‌కి. అది పడమటి వైపు ఉంది, నైరుతి గాలులు తెచ్చే అలలు నేరుగా వచ్చి దాని మీదే పడతాయి. ఆ రోజుల్లో అక్కడ దిగడం ప్రాణాల మీదకి తెచ్చుకోవడమే, లైఫ్‌గార్డ్ వద్దంటే వాదించకండి. అదే దీవిలో తూర్పు వైపున్న కాలా పత్తర్, విజయనగర్ బీచ్‌లు చాలావరకు నెమ్మదిగా ఉంటాయి. నీల్‌లోనూ ఇదే లెక్క: పడమట లక్ష్మణ్‌పూర్ చూడ్డానికి, తూర్పున సీతాపూర్ తెల్లవారు జామున. మ్యాప్ తీసి బీచ్ ఏ దిక్కుకు ఉందో చూడండి, హోటల్ ఫోటోల కంటే అది ఎక్కువ చెబుతుంది. అక్కడ తెల్లారేది ఐదు గంటలకే, సాయంత్రం ఆరు కాకముందే పొద్దు గూకుతుంది. అలారం పెట్టుకోండి.

స్కూబాకి ఇది మంచి కాలం కాదు. నీళ్లు మసగ్గా ఉంటాయి, డబ్బు దండగ. హేవ్‌లాక్‌లోని ఎలిఫెంట్ బీచ్‌కి అడవి దారిన నడవాలంటే ముందు అనుమతి ఉందో లేదో కనుక్కోండి. జలగలు ఉంటాయి, జేబులో కాస్త ఉప్పు పెట్టుకోండి. మొసళ్ల బోర్డులు ఉన్న చోట మోకాలి లోతుకి కూడా దిగొద్దు. 2010లో రాధానగర్ పక్కనున్న నీల్స్ కోవ్‌లో ఒక అమెరికన్ టూరిస్టు మొసలి దాడిలో చనిపోయింది.

మనకి మాత్రం ఒక సౌకర్యం ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నాయి. "రేపు సముద్రం ఎలా ఉంటుంది మావా?" అని అడిగితే చెబుతారు. ఫోన్‌లోని వాతావరణం యాప్ కంటే వాళ్ల మాటనే నేను నమ్ముతాను.

విశాఖ నుంచి ఓడలో వెళ్లొచ్చా అని ఇంకో ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. అప్పుడప్పుడూ ఓడ ఉంటుంది, ప్రయాణం మాత్రం దాదాపు మూడు రోజులు. జనవరి నుంచి ఏప్రిల్ మధ్య అయితే సరదాగా ఎక్కండి. వర్షాకాలంలో నా సలహా విమానమే.