మావాడి నల్ల చొక్కా, అత్తయ్య గారి దిష్టి, బర్మింగ్‌హామ్‌లో ఒక శనివారం

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఈ వారం ఇండియన్ స్టోర్ వీడియో పెడదామనుకున్నాను. పోయినసారి దానికే కాస్త వ్యూస్ వచ్చాయి, 400 దాటాయి. అందులో సగం మా అత్తయ్య గారివే అనుకోండి. కానీ తెనాలి నుంచి వేరే ఆర్డర్ వచ్చింది, అందుకే ప్లాన్ మారింది.

జరిగింది ఏంటంటే, శుక్రవారం సాయంత్రం వీడియో కాల్‌లో మావాడు నాయనమ్మతో మాట్లాడుతున్నాడు. పన్నెండేళ్ళు వాడికి. కొత్త టీషర్టు వేసుకున్నాడు. నల్లది, దాని మీద 'బ్లాక్ సబ్బాత్' అని ఒక రాక్ బ్యాండు పేరు రాసుంది. శుక్రవారం పూట నల్ల చొక్కా ఏంట్రా అని ఆవిడ అంటుండగానే పక్కనుంచి మా మరిది ఫోన్లో వెతికి, "క్షుద్రపూజల బ్యాండంట అమ్మా" అని చదివి వినిపించాడు. ఇంకేముంది!

"అమ్మాయ్, ముందు వాడికి దిష్టి తియ్యి. రేపు శనివారం, గుడికి తీసుకెళ్ళు. ఆ బ్యాండు సంగతేంటో కనుక్కుని వీడియో తీసి పెట్టు."

ఆ చొక్కా 25 పౌండ్లండీ. పౌండు 118 చొప్పున వేసుకుంటే 2,950 రూపాయలు. ఆ డబ్బుకి మా తెనాలి బోస్ రోడ్‌లో బట్టలు కొని కుట్టుకూలి కూడా ఇచ్చేయొచ్చు. దెయ్యం సంగతి తర్వాత, నాకు ముందు ఆ రేటు చూస్తేనే భయమేసింది.

సరే, దిష్టి. ఇక్కడ దిష్టి తీయడం ఎంత కష్టమో మీకు చెప్పాలి. ఈ దేశంలో దాదాపు ప్రతి ఇంట్లో సీలింగ్‌కి పొగ అలారం ఉంటుంది. కల్లుప్పు, ఎండు మిరపకాయలు మూడుసార్లు తిప్పి పెనం మీద వేశాను. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా ఉన్నట్టు కదా మనకి. వచ్చిందో లేదో చూసేలోపే అలారం కుయ్యో మని మొదలైంది. మా ఆయన కుర్చీ ఎక్కి టవల్‌తో విసురుతున్నారు, మావాడు చెవులు మూసుకుని నవ్వుతున్నాడు. పోనీ గుమ్మడికాయ కడదామా అంటే, ఇక్కడ బూడిద గుమ్మడికాయని ముక్కలు కోసి ప్లాస్టిక్ చుట్టి అమ్ముతారు. గుమ్మానికి ముక్క ఎలా కడతామండీ?

ఈలోపు పక్కింటి పెద్దావిడ తలుపు కొట్టింది. "ఆల్‌రైట్, బాబ్?" అంది. ఈ ఊళ్ళో చిన్నా పెద్దా, ఆడా మగా అందరినీ 'బాబ్' అనే పిలుస్తారు. కొత్తలో నన్ను బాబూ అంటోందేంటని తెల్లబోయాను, ఇప్పుడు ఎవరైనా అనకపోతేనే వెలితిగా ఉంటుంది. ఆవిడ మావాడి చొక్కా చూసింది, చూడగానే మొహం వెలిగిపోయింది. ఆవిడ పుట్టింది ఈ ఊళ్ళోనే ఆస్టన్ అనే పేటలో. ఆ బ్యాండు పుట్టింది కూడా అక్కడే. మిరపకాయల కోరు కళ్ళు మండిస్తున్నా గుమ్మంలోనే నిలబడి అరగంట చెప్పింది. నేను వింటూ అలారం కింద కిటికీ తీసి పట్టుకున్నాను.

శనివారం పొద్దున్న మావాడు షరతు పెట్టాడు. ముందు బ్రాడ్ స్ట్రీట్‌లో ఆ బ్యాండు వాళ్ళ బొమ్మలున్న బెంచీ, తర్వాతే గుడి. సరే అన్నాం. దారిలో న్యూ స్ట్రీట్ స్టేషన్‌లో ఎద్దుని చూపిస్తానన్నాడు. ఎద్దంటే మామూలు ఎద్దు కాదు. పది మీటర్ల ఎత్తు యంత్రం, తల తిప్పుతుంది. 2022 కామన్వెల్త్ క్రీడలకి చేశారు. తర్వాత జనం ఓట్లేసి దానికి 'ఓజీ' అని పేరు పెట్టారు. ఓజీ అనగానే మీరు వేరే హీరోని అనుకుంటారు, ఆయన కాదు. బ్లాక్ సబ్బాత్ గాయకుడు ఓజీ ఆస్‌బోర్న్. నాకైతే దాని ముందు నిలబడితే గంగిరెద్దు గుర్తొచ్చింది. సన్నాయి ఒక్కటే తక్కువ.

పార్కింగ్‌కి 9 పౌండ్లు, అంటే వెయ్యి దాటింది. గుడి హుండీ కన్నా ముందు దీనికే సమర్పించుకున్నాం.

బెంచీ బ్రాడ్ స్ట్రీట్‌లో కాలువ మీద వంతెన దగ్గరుంది. 2019లో పెట్టారు, ఆ వంతెనకి కూడా బ్లాక్ సబ్బాత్ పేరే. బెంచీ మీద నలుగురి మొహాలు. ఓజీ ఆస్‌బోర్న్, గిటార్ వాయించే టోనీ ఐయోమీ, బేస్ వాయించే గీజర్ బట్లర్, డ్రమ్స్ బిల్ వార్డ్. 1968లో కలిశారు. నలుగురూ ఆస్టన్ చుట్టుపక్కల బీదవాళ్ళ పిల్లలే. ఓజీ కబేళాలో పని చేశాడు, కార్ల హారన్లు మోగుతున్నాయో లేదో చూసే పని చేశాడు, దొంగతనం కేసులో కొన్నాళ్ళు జైల్లో కూడా ఉన్నాడు. అత్తయ్య గారూ, ఈ ముక్క మీ మనవడికి ముందే తెలుసు, నేను నేర్పలేదు.

ఇప్పుడు టోనీ వేళ్ళ కథ. నన్ను పట్టుకున్నది ఇదే. టోనీకి 17 ఏళ్ళు. రేకులు కోసి వంచే ఫ్యాక్టరీలో పని. అది మానేసి సంగీతానికి వెళ్ళిపోదామని ఆ రోజుతో ఆఖరు అనుకున్నాడు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి ఇక వెళ్ళనన్నాడు. ఒప్పుకున్న పని సగంలో వదలకూడదు, పూర్తి చేసి రా అని వాళ్ళమ్మ పంపింది. వెళ్ళాడు. ఆ రోజు రావాల్సిన మనిషి రాకపోతే ఇతన్ని ప్రెస్ మెషీన్ మీద నిలబెట్టారు. కుడి చేతి మధ్య వేలు, ఉంగరం వేలు కొసలు తెగిపోయాయి. అతను ఎడమచేతి వాటం, కాబట్టి తీగలు నొక్కాల్సినవి ఆ కుడిచేతి వేళ్ళే.

ఇంట్లో కుమిలిపోతుంటే ఫ్యాక్టరీ మేనేజర్ ఒక రికార్డు తెచ్చి వినిపించాడు. జాంగో రైన్‌హార్ట్ అని, మంటల్లో రెండు వేళ్ళు పనికిరాకుండా పోయినా గొప్ప గిటారిస్టు అయిన మనిషి. అప్పుడు టోనీ ఏం చేశాడో తెలుసా? అంట్లు తోముకునే లిక్విడ్ ప్లాస్టిక్ సీసా కరిగించి, ఉండ చేసి, వేలు పట్టేలా కాల్చి అరగదీసి టోపీల్లా చేసుకున్నాడు. జారకుండా పాత తోలు జాకెట్ ముక్క అంటించాడు. మన అమ్మమ్మల దర్జీ తొడుగు ఉంటుంది చూశారూ, అలాంటిదే. మామూలు తీగలు నొక్కితే నొప్పి, అందుకని సన్నటి బాంజో తీగలు వేశాడు. తర్వాత శ్రుతి కూడా దించాడు, తీగ వదులైతే నొక్కడం తేలిక కదా. దాంతో ఆ గిటార్ నాదం బరువెక్కింది. ఇవాళ హెవీ మెటల్ అనే రాక్ సంగీతం అంటే ఆ బరువే అంటారు.

నేనిదంతా బెంచీ దగ్గర గబగబా చెప్పేస్తుంటే మా ఆయన ఏమీ మాట్లాడలేదు. కాలువ వైపు తిరిగి పడవని చూస్తున్నారు.

క్షుద్రం దగ్గరికొద్దాం, అత్తయ్య గారికి కావల్సింది అదే. ముందు వీళ్ళ పేరు 'ఎర్త్'. అదే పేరుతో ఇంకో బ్యాండు ఉండటంతో 1969లో మార్చుకున్నారు. 1963లో బోరిస్ కార్లాఫ్ నటించిన ఇటలీ దెయ్యాల సినిమా ఒకటుంది, దాని ఇంగ్లీషు పేరు పెట్టేసుకున్నారు. జనం భయపడటానికి డబ్బులిచ్చి సినిమాకి వెళ్తున్నారు కదా, పాట విని ఎందుకు భయపడకూడదు అన్నది వాళ్ళ లెక్క. తప్పేముంది, మనం వెళ్ళట్లేదా.

నిజంగా క్షుద్రపూజల పుస్తకాలు చదివినవాడు గీజర్ బట్లర్. క్యాథలిక్ ఇంట్లో పెరిగాడు. ఉండే గదికి నల్ల రంగు వేసి గోడలకి తలకిందులు శిలువలు తగిలించాడు. ఓజీ ఎక్కడో దొరికిన పాత మంత్రాల పుస్తకం తెచ్చిచ్చాడు. గీజర్ దాన్ని అల్మారాలో పెట్టి పడుకుంటే, రాత్రి మెలకువ వచ్చేసరికి కాళ్ళ దగ్గర ఒక నల్లటి ఆకారం నిలబడి ఉందట. లేచి చూస్తే అల్మారాలో పుస్తకం లేదట. ఇది అతను స్వయంగా చెప్పుకున్న కథ, నేను కల్పించింది కాదు. బ్యాండు పేరుతోనే ఉన్న పాట అందులోంచే పుట్టింది. వినండి, ఆ పాటలో దెయ్యాన్ని పిలవడం ఉండదు. దాన్ని చూసి దేవుడా కాపాడు అని వణికిపోవడం ఉంటుంది. మావాడు ఈ పాయింటు నాకు పదిసార్లు చెప్పాడు, పదకొండోసారి నేను ఒప్పుకున్నాను.

తర్వాతేమో వీళ్ళే భయపడి మెళ్ళో శిలువలు వేసుకున్నారు. ఓజీ వాళ్ళ నాన్న పనిముట్లు తయారుచేసే మనిషి, పని చోటే లోహంతో చేసిచ్చాడు. మన తాయెత్తు కాక ఇంకేంటది?

మొదటి ఆల్బమ్ 1970 ఫిబ్రవరి 13, శుక్రవారం విడుదలైంది. ఇక్కడివాళ్ళకి పదమూడూ శుక్రవారం కలిస్తే అపశకునం, మనకేమో శుక్రవారం లక్ష్మీదేవి రోజు. లండన్‌లో ఒక్కరోజులో, పన్నెండు గంటల్లో పాడేశారు. ఖర్చు సుమారు 600 పౌండ్లు, అదే 118 రేటుకి 70 వేల చిల్లర. మావాడి గిటార్ క్లాసు అరగంటకి 18 పౌండ్లు, ఏడాదికి లెక్కేస్తే వాళ్ళ ఆల్బమ్ కన్నా ఎక్కువే అవుతోంది. అట్ట మీద బొమ్మలో ఒక పాత నీటి మర, ముందు నల్ల బట్టల్లో ఒకమ్మాయి. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో మేపుల్డరమ్ అనే చోటుంది ఆ పిండిమర. అట్ట లోపల తలకిందులు శిలువ అచ్చేసింది రికార్డు కంపెనీ వాళ్ళు, బ్యాండుకి చెప్పకుండానే. నిజం దెయ్యం పూజలవాళ్ళు కచేరీలకి రావడం మొదలయ్యాక వీళ్ళకి చెమటలు పట్టాయి. 1971 ఆల్బమ్‌లో అయితే ఏకంగా దేవుణ్ణి నమ్మమని చెప్పే పాటే ఉంది. 1970లో వచ్చిన ఇంకో పాటలో వీళ్ళు మంత్రగత్తెలతో పోల్చింది యుద్ధాలు చేయించే జనరళ్ళని, వియత్నాం యుద్ధం రోజుల్లో.

ఇక్కడ చినుకులు మొదలయ్యాయి. ఒక కుర్రాడు వచ్చి "ఫొటో తీయనా?" అన్నాడు. చేతుల నిండా పచ్చబొట్లు, ముక్కుకి రింగు. ముగ్గురం కలిసి కూర్చున్నాం. ఈ దేశంలో మా ఫొటోలన్నిటిలో ఎప్పుడూ ఒకరు తక్కువ ఉంటారండీ, తీసేది మాలో ఒకరే కాబట్టి.

2025 జులై 5న ఆస్టన్‌లో, విల్లా పార్క్ మైదానంలో ఈ నలుగురూ ఆఖరి కచేరీ చేశారు. ఓజీకి పార్కిన్సన్స్ జబ్బు, సింహాసనంలో కూర్చునే పాడాడు. 17 రోజులకే పోయాడు. అంతిమయాత్ర ఈ వంతెన మీద ఆగింది, బ్రాస్ బ్యాండు వాళ్ళు బాకాలతో వాళ్ళ పాటలే వాయించారు. పక్కింటావిడ ఆ రోజు మూడు గంటలు నిలబడిందట. మా మామయ్య గారు పోయినప్పుడు మాకు టికెట్ దొరకలేదు. ఫోన్‌ని నీళ్ళ గ్లాసుకి ఆనించి ఇక్కడి నుంచే చూశాం. సరేలెండి, వదిలేద్దాం.

టివిడేల్‌లో వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళేదారిలో మావాడు కారులో ఆ బ్యాండు పేరున్న పాట పెట్టాడు. వాన, గంట, తర్వాత గిటార్ మూడే స్వరాలు. మావాడు టీచర్ లాగా "అమ్మా, ఆ మూడోది దెయ్యం స్వరం, లాటిన్‌లో దెయ్యం పేరే పెట్టారు" అన్నాడు. నేను చిన్నప్పుడు నాలుగేళ్ళు సంగీతం నేర్చుకున్నాను లెండి, సరళీ జంట వరసలు ఇంకా మర్చిపోలేదు. విన్నాను. సా, పై సా, ఆ తర్వాత ప్రతిమధ్యమం! మన కల్యాణి రాగంలో వచ్చేది. "ఒరేయ్, ఈ దెయ్యం మా పంతులు గారింట్లో రోజూ ఉండేదిరా" అని కల్యాణి ఆరోహణ పాడి వినిపించాను. వాడు నిజంగా నోరు తెరిచాడు. వాడు పుట్టాక నా పాటకి నోరు తెరవడం ఇదే మొదలు. ఆ స్వరాన్ని చర్చి నిషేధించిందని కూడా అంటుంటారు, అది ఒట్టి కట్టుకథే.

గుళ్ళో చొక్కా మీద స్వెట్టర్ వేయించాను. దర్శనం బాగా అయింది, పులిహోర కూడా. వీడియో తీయలేదు, అడగొద్దు.

రాత్రి కాల్ చేశాం. మావాడు బుద్ధిలేకుండా నాయనమ్మకి చూపుడు వేలు, చిటికెన వేలు పైకెత్తి కొమ్ములు చూపించాడు. నేను వాడి చెయ్యి లాగేలోపే వాడే వివరించాడు. ఓజీని 1979లో తీసేశాక రోనీ జేమ్స్ డియో అనే ఆయన వచ్చాడు. ఓజీ రెండు వేళ్ళతో శాంతి గుర్తు చూపించేవాడు కాబట్టి ఈయన అది వాడలేదు. ఇటలీ నుంచి వచ్చిన వాళ్ళ అమ్మమ్మో నాయనమ్మో చెడు కన్ను తగలకుండా ఈ కొమ్ములు చూపించేదట. అదే ఆయన స్టేజీ మీద చూపించాడు.

"అంటే దిష్టికా?" అన్నారు అత్తయ్య గారు.

"దిష్టికే నాయనమ్మా."

ఆవిడ తనే చెయ్యెత్తి రెండు వేళ్ళు పెట్టి చూసుకున్నారు. మడవాల్సిన వేళ్ళు కీళ్ళనొప్పికి మడత పడలేదు. కాసేపయ్యాక, "ఆ వేళ్ళు తెగిన అబ్బాయి బాగానే ఉన్నాడా ఇప్పుడు?" అన్నారు. ఉన్నాడత్తయ్యా, డెబ్బై దాటాయి, ఇంకా వాయిస్తున్నాడు అన్నాను.

"చలికాలం లాగుతుంది తెగిన చోట. మీ మామయ్యకి మిల్లు బెల్టులో వేలు పోయింది చూడు, మంచు పడితే చాలు, రాత్రంతా చెయ్యి చంకలో పెట్టుకుని పడుకునేవాడు. మీ దగ్గర మంచు ఎక్కువ కదా."

మా ఆయన వెనకనుంచి వచ్చి ఫోన్ తీసుకున్నారు. ఇక నేను పక్కకి వెళ్ళి అన్నం వడ్డిద్దామని లేచాను. అవతలనుంచి మళ్ళీ కేక.

"అమ్మాయ్, ఆ చొక్కా విడిగా ఉతుకు. నల్ల రంగు, మిగతావాటికి అంటుకుంటుంది."